ఒకటి, రెండు తరగతులకు రోల్ ప్లే: కొట్టు ఆట దాటి ఇంకేం చేయించొచ్చు?

కొత్త_ఎస్‌జీటీ

అందరికీ నమస్తే. మాది నల్గొండ వైపు ఇద్దరు టీచర్ల బడి. ఒకటి, రెండు తరగతులు కలిపి నాకే ఇచ్చారు. పిల్లలు ఇరవై మంది లోపే. ఇంటర్వెల్‌లో నోరు విప్పితే ఆగరు, గదిలోకొచ్చి "చెప్పు నాన్నా" అంటే మాత్రం నేల చూపులు చూస్తారు. అందుకే రోల్ ప్లే మొదలుపెట్టాను. ఖాళీ బిస్కెట్ పాకెట్లు, సబ్బు కవర్లు, షాంపూ సాచెట్లు పోగేసి ఒక మూల కిరాణా కొట్టు పెట్టాం.

పిల్లలకు నచ్చింది, సందేహం లేదు. కానీ లెక్కలు నేర్పుదామని పెట్టిన కొట్టులో లెక్కే లేకుండా పోయింది. కాగితం నోట్లు, చింతపిక్కల చిల్లర అన్నీ సిద్ధం చేసి పెడితే, వచ్చిన ప్రతివాడూ పలక ఎత్తి చూపించి "ఫోన్‌పే చేసిన" అంటాడు. కొట్టు వెనక కూర్చున్నవాడు ఆ స్పీకర్ డబ్బా గొంతుతో "వంద రూపాయలు జమ అయినవి" అని పాడేస్తాడు. అయిపోయింది బేరం. తీసివేత లేదు, చిల్లర లేదు.

సరే, బస్సు పెడదాం అనుకున్నా. కుర్చీలు వరసగా వేసి కండక్టర్‌ని నిలబెట్టాం. ఆడపిల్లలందరూ ఆధార్ చూపించి జీరో టికెట్ అడిగారు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక బస్సెక్కడం మొదలైన పిల్లలకు అమ్మ డబ్బులిచ్చి టికెట్ కొనడం ఎలా గుర్తుంటుంది? బస్సులో సగానికి పైగా వాళ్లే, ఇంక నేనేం కూడికలు చేయించాలి! మా సార్ అయితే "ఆగస్టు పదిహేనుకి ఎలాగూ వేషాలు వేయిస్తాం కదమ్మా, మళ్లీ ఇదెందుకు" అంటున్నారు.

డబ్బు ఖర్చు లేకుండా, రెండు తరగతులకూ పనికొచ్చేలా ఇంకేం థీమ్‌లు చేయించొచ్చు? ఎప్పుడూ ఆ నలుగురే ముందుకొస్తారు, మిగతావాళ్లు గోడ పక్కన తిరుగుతుంటారు, వాళ్లను ఎలా లాగాలి? పీరియడ్ ప్లాన్‌లో ఏమని రాస్తున్నారు?

---

కొండచీపురు

మేడమ్, నేను పాడేరు వైపు పనిచేస్తున్నాను. మీ థీమ్‌లో తప్పేం లేదు, కొట్టు ఆటలో విప్పాల్సిన చిక్కేదీ రావట్లేదు, అదే లోటు. వస్తువు ఉంది, కొనేవాడున్నాడు, కొన్నాడు, వెళ్లాడు. మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. పిల్లలు నోరు విప్పాలంటే ఏదో ఒకటి తేడా రావాలి. సరుకు అయిపోవాలి, తూకం తగ్గాలి, వాన రావాలి.

మేము కొట్టు కాదు, సంత పెడతాం. ఇక్కడి పిల్లలు అమ్మానాన్నలతో వారం వారం సంతకు దిగుతారు కాబట్టి వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. అడ్డాకులు, కొండచీపుర్లు, పసుపు, రాజ్‌మా, చింతపండు, అన్నీ బయట దొరికే ఆకులు పుల్లలే. త్రాసుకి రెండు కొబ్బరి చిప్పలు, ఒక కర్ర, పురికొస. గింజలు కొలవడానికి సోల, తవ్వ, మానిక అని మూడు డబ్బాలు పెట్టా. రెండు సోలలు పోస్తే తవ్వ, రెండు తవ్వలు పోస్తే మానిక. రెట్టింపు అనేది నేను బోర్డు మీద ఎంత చెప్పినా రాలేదు, ఇసక పోసుకుంటూ వాళ్లే పట్టేశారు. డబ్బాలు మాత్రం కొలిచి ఎంచుకోండి, లేకపోతే ఇసక మిగిలిపోతుంది, అప్పుడు పంచాయితీయే.

ఫోన్‌పే సంగతి: "ఇవాళ సంతలో సిగ్నల్ లేదు" అని ఒక్క ముక్క చెప్పండి. మా దగ్గర అది అబద్ధం కూడా కాదు, ఒక్క పిల్లాడూ ఎదురు చెప్పడు. బస్సుకీ అంతే, ఇవాళ అద్దెకు తీసుకున్న పెళ్లి బస్సు అనండి, పెద్దకి పది, పిల్లకి అయిదు. ఆధార్ ఉన్నా చెల్లదు.

నా నియమాలు కొన్నే. ధర పలక మీద రాసి పెట్టని కొట్టు దగ్గర ఎవరూ కొనకూడదు, కాబట్టి అమ్మాలంటే రాయాల్సిందే. కొనేవాళ్లకు చీటీ ఇస్తాను, రెండో తరగతికి మాటల చీటీ, ఒకటో తరగతికి బొమ్మల చీటీ. గంట కొట్టగానే అమ్మేవాళ్లు కొనేవాళ్లవుతారు, దాంతో ఆ నలుగురి పెత్తనం తగ్గుతుంది. మధ్యలో నేను ఆవునవుతాను. కండువా తలకు చుట్టుకుని దూరి ఒక కొట్టులో వంకాయలు మేసేస్తాను. పన్నెండు ఉండేవి, ఎన్ని తిన్నానో, ఎన్ని మిగిలాయో ఆ కొట్టువాడు అరుస్తూ చెప్పాలి. ఒకసారి ఒక పిల్ల నన్ను బందెలదొడ్డికి తోలి, నష్టపరిహారం కడితేగానీ విడవనంది.

ఇంకోటి, కొసరు మర్చిపోకండి. తూకం అయ్యాక "కొసరెయ్యి" అని అడగడం పిల్లలకు పుట్టుకతో వచ్చినట్టు వస్తుంది. కిలోకి ఎనిమిది ఉల్లిపాయలు, కొసరుతో ఎన్ని అంటే, అదే కూడిక.

మాకు ఉన్న ఇంకో సమస్య భాష. ఇంట్లో కువి మాట్లాడే పిల్లలు, పుస్తకం తెలుగు. నేను మైదానం నుంచి వచ్చిన, కువి రాని బేరగాడిగా సంతకు వెళ్తాను. వాళ్లు వాళ్ల భాషలో ధర చెప్తారు, నేను తెల్లమొహం వేస్తాను, పక్కవాడు తెలుగులోకి మార్చి చెప్పాలి. నెలల తరబడి నాతో ఒక్క మాట మాట్లాడని పిల్ల, నాకు అంకెలు నేర్పడానికి కూర్చుంది. టీచర్‌కి తెలియని విషయం తమకు తెలుసు అన్నప్పుడు వాళ్ల గొంతు వేరేగా ఉంటుంది.

---

చాక్‌పీసు_బాకీ

వినడానికి బాగానే ఉన్నాయి గానీ కాస్త నేల మీదకు రండి. సంత పెట్టి, కొట్లు సర్ది, ఆవు వచ్చి, మళ్లీ అంతా ఊడ్చేసరికి పూట అయిపోతుంది. బేస్‌లైన్ పరీక్షలో పిల్లాడు పదం చదవలేదంటే అడిగేది నన్ను. ఊళ్లో వాళ్లు కిటికీలోంచి చూసి "మా వోణ్ణి ఆడుకోవడానికి పంపిస్తున్నామా" అంటారు, వచ్చే ఏడాది ప్రైవేటు బస్సెక్కిస్తారు. పైగా ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు ట్రైనింగ్‌కి వెళ్తే అయిదు తరగతులూ ఒక్కరి నెత్తినే. అప్పుడు ఆవు వేషం వేస్తారా మరి?

---

పాత_డైట్_బెంచి

చాక్‌పీసు గారి బాధ నిజమే, కాబట్టి ముందు కాగితం సంగతి చూద్దాం. ఇది ఎవరూ దొంగచాటుగా చేయాల్సిన పని కాదు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు, అంటే రెండో తరగతి దాకా, చదువు ఆట ద్వారానే సాగాలంటుంది. 2023లో విడుదలైన జాదుయీ పిటారా పెట్టెలో తోలుబొమ్మలు, ఆటవస్తువులు పెట్టింది అందుకే. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలు కూడా అర్థంతో చదవడం, అంకెలను రోజువారీ పనుల్లో వాడటం గురించే మాట్లాడతాయి. ప్లాన్‌లో "రోల్ ప్లే: సంత" అని రాస్తే ఎవరైనా అడుగుతారు. "పిల్లలు 99 లోపు ధరలు రాస్తారు, చదువుతారు; రెండు ధరలు కూడి చెల్లిస్తారు; అవసరమైనది అడిగి తీసుకుంటారు" అని రాసి, పద్ధతి దగ్గర సంత అని రాయండి. ఆట అయ్యాక వాళ్లు రాసిన ధరల పలకలు, చీటీలు ఫొటో తీసి ఉంచుకోండి. తల్లిదండ్రులకు ఆ చీటీ ఇంటికి పంపితే సగం నోళ్లు మూతపడతాయి.

పూట అంతా అక్కర్లేదు. సర్దడం పది నిమిషాలు, ఆట ఇరవై, కూర్చుని మాట్లాడి రాయడం పది. ఆ చివరి పదీ ఎగ్గొడితే మాత్రం చాక్‌పీసు గారు అన్నదే నిజమవుతుంది. సర్దడం కూడా పిల్లలదే.

టీచర్ తానే ఒక పాత్రలోకి దిగడం గురించి కొండచీపురు గారు చెప్పారు, అదే అసలు కిటుకు. బ్రిటన్‌లో డొరొతీ హీత్‌కోట్ అనే ఆవిడ ఈ పనికి పేరుపడ్డారు. పద్నాలుగేళ్లకే యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లులో నేతపనికి చేరిన మనిషి, తర్వాత న్యూకాసిల్‌లో టీచర్లకు పాఠం చెప్పారు. పిల్లలకు నిపుణుల హోదా ఇచ్చి, తాను సాయం కావాల్సిన మనిషిగా వాళ్ల ముందుకు వెళ్లడం ఆవిడ పద్ధతి. మన గదిలో చేయాలంటే ఒక కండువా చాలు. మెడలో కండువా ఉంటే నేను టీచర్ని కాదు, తీసేస్తే టీచర్ని. ఆరేళ్ల పిల్లలకు ఇది రెండోసారికే అర్థమవుతుంది, గోల ఎక్కువైతే కండువా తీసి నిలబడితే సరిపోతుంది, అరవక్కర్లేదు.

గోడ పక్కన తిరిగే పిల్లల సంగతి. వాళ్లకు మాటలు ఎక్కువ ఉన్న పాత్ర ఇవ్వకండి, పని ఉన్న పాత్ర ఇవ్వండి. సంత గేటు దగ్గర కాపలాదారు, లోపలికి వెళ్లేవాళ్లను లెక్కపెట్టి గీతలు గీయాలి. సోవియట్ పరిశోధకులు 1940ల్లో ఒక ప్రయోగం చేశారు. చిన్నపిల్లల్ని ఊరికే కదలకుండా నిలబడమంటే కాసేపే నిలబడ్డారు, నువ్వు కాపలా సిపాయివి అని ఆటలో నిలబెడితే చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. క్లాసులో కుదురులేని పిల్లవాడికి ఆ కర్ర ఇచ్చి చూడండి.

థీమ్ అడిగారు కాబట్టి ఒకటి: 108. ఒకరు ఫోన్ చేసేవాళ్లు, ఒకరు ఎత్తేవాళ్లు, ఇద్దరికీ మధ్య దుప్పటి తెర. "ఎవరికి ఏమైంది, ఏ ఊరు, ఇంటికి గుర్తేంటి" అని అవతలివాళ్లు అడగాలి. చేయి చూపించి "అటు" అంటే పనికిరాదు, కనపడరు కాబట్టి. "రామాలయం దాటాక కుడి పక్క, నీళ్ల ట్యాంకు ఎదురుగా" అని నోటితో చెప్పాల్సిందే. దిక్కులు, కుడి ఎడమలు, పూర్తి వాక్యాలు అన్నీ ఇందులోనే వస్తాయి, ఖర్చు సున్నా. ఆట అయ్యాక ఊరి పటం గీయిస్తే పరిసరాల విజ్ఞానం కూడా అయిపోతుంది.

---

డాలస్_తెలుగు_క్లాస్

మేము ఇక్కడ ఆదివారాలు తెలుగు చెప్తాం, పిల్లలు ఆరు నుంచి ఎనిమిదేళ్లు. మీ వాళ్లది నోరు విప్పని సమస్య, మా వాళ్లది విప్పితే ఇంగ్లీషు వచ్చే సమస్య. సంత, బస్సు మా దగ్గర పారవు, చూడని చోటును నటించమంటే బొమ్మల్లా నిలబడతారు. కాబట్టి వాళ్లు రోజూ చూసేది ఏంటని ఆలోచిస్తే సూట్‌కేసు దొరికింది.

ఆట ఇది. అమ్మమ్మ హైదరాబాద్ నుంచి వస్తోంది. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, పట్టుచీర, రోలు (ఎప్పుడూ ఎవరో ఒకరి అమ్మమ్మ రోలు తెస్తుంది), అన్నింటికీ అట్టముక్కల మీద బరువు రాసి ఉంటుంది. పెట్టె సర్దితే రెండు కిలోలు ఎక్కువ. ఏది తీసేయాలో ఇంటిల్లిపాదీ వాదించుకోవాలి, తెలుగులోనే. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, అదే నియమం. ఇంగ్లీషులో అంటే అమ్మమ్మ "ఏంటమ్మా?" అని మళ్లీ అడుగుతుంది, అంతకంటే ఏమీ అనదు. తర్వాత ఇటువైపు ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ పెట్టె విప్పి ఇదేంటి అదేంటి అని అడుగుతాడు, మనవరాలు మధ్యవర్తి. ఆవకాయ అంటే ఏంటో ఆఫీసర్‌కు అర్థమయ్యేలా చెప్పడం ఎంత కష్టమో మీరే చేసి చూడండి. ఒక పిల్లాడు "అది మాంగో కాదు సార్, అది కోపం వచ్చిన మాంగో" అన్నాడు.

మీ పిల్లలకు కూడా ఇలాంటిది ఉంటుంది కదా, వలస వెళ్లిన నాన్న గల్ఫ్ నుంచి వచ్చే రోజో, తిరుపతి ప్రయాణమో. పెట్టె సర్దడం ఎక్కడైనా ఒకటే.

---

కొత్త_ఎస్‌జీటీ

అందరికీ చాలా థాంక్స్. సిగ్నల్ లేదు అనే ఐడియా వెంటనే పెట్టేస్తున్నా. 108 ఆట నిన్ననే ఆడించాను, మా ఊరికి గుర్తు బెల్ట్ షాపు అని ముగ్గురు చెప్పారు, ఏం చేస్తాం.

దాంతోనే ఇంకో సందేహం వచ్చింది. ఇల్లు ఆట ఆడుతుంటే ఒక బాబు నాన్న వేషంలో తూలుకుంటూ వచ్చి, అన్నం పెట్టలేదని అమ్మ వేషంలో ఉన్న పిల్ల మీదకు చెయ్యెత్తాడు. అందరూ ఘొల్లున నవ్వారు. నాకు టెన్షన్ వచ్చి ఆట ఆపేసి ప్రార్థన పాట పాడించాను. ఇలాంటప్పుడు ఏం చేయాలి? తిట్టాలా, చూడనట్టు వదిలేయాలా?

---

రిటైర్డ్_హెచ్ఎం

తిట్టవద్దమ్మా. వాడు తప్పు చేయలేదు, చూసింది చూపించాడు. అందరి ముందు "మీ ఇంట్లో ఇలాగే జరుగుతుందా" అని అడగడం ఇంకా తప్పు. నువ్వు కండువా వేసుకుని పక్కింటి పెద్దమ్మవై లోపలికి వెళ్లు. "ఏమయ్యా, ఏంటీ గొడవ, ముందు కూర్చో, నీళ్లు తాగు" అను. అమ్మ పాత్రలో ఉన్న పిల్లను అవతలికి పిలిచి పని పురమాయించు. ఆట దారి మళ్లుతుంది, దెబ్బ పడదు, నవ్వులూ ఆగుతాయి. తర్వాత వారం పది రోజులు ఆ బాబును కనిపెట్టి ఉండు, ఒంటి మీద దెబ్బలున్నాయా, అన్నం తిని వస్తున్నాడా అని. ఏదైనా ఉందనిపిస్తే మీ సార్‌తో మాట్లాడు, అవసరమైతే 1098కి చెప్పు. పిల్లల కోసమే ఉన్న నంబరు అది.

పాత్రలు పంచేటప్పుడు ఇంకో జాగ్రత్త. వదిలేస్తే సర్పంచి ఎప్పుడూ ఒక వీధి పిల్లాడే అవుతాడు, ఊడ్చే పని ఇంకో వీధి పిల్లకే వస్తుంది, వంట ఆడపిల్లలకే. ఎవరూ నేర్పక్కర్లేదు, ఊళ్లోంచి నేరుగా గదిలోకి వచ్చేస్తుంది. చీటీలు వేసి పాత్రలివ్వు. చీటీలో వచ్చిందాన్ని ఎవరూ కాదనరు.

ఆగస్టు పదిహేను వేషాల మాట మీ సార్ అన్నారు. అక్కడ పిల్లవాడు గాంధీ టోపీ పెట్టుకుని, వాళ్ల నాన్న రాసిచ్చిన నాలుగు ముక్కలు అప్పజెప్పి దిగిపోతాడు. అది ఫొటోకి. మన పాత పగటి వేషగాళ్లను గుర్తు చేసుకో, ఇంటి ముందుకొచ్చి ఆ ఇంటివాళ్లు ఏమంటే దానికి అక్కడికక్కడే జవాబు చెప్పేవాళ్లు. పిట్టలదొర కోతలు రాసుకుని వచ్చేవాడా? మీ సార్‌ని ఒకరోజు పిట్టలదొరగా రమ్మను, "మా తాత తాటిచెట్టంత గుమ్మడికాయ పండించాడు" అని కోయమను. పిల్లలు ఎదురు ప్రశ్నలు వేయాలి. మీ సార్ ఒప్పుకోకపోతే నాకు చెప్పు, వయసులో ఉన్నప్పుడు నేను ఆ వేషం వేసినవాణ్ణే.

---

పోలింగ్_డ్యూటీ_ప్రాప్తిరస్తు

ఎవరూ చెప్పలేదు గానీ, మన టీచర్లకు రిహార్సల్ అక్కర్లేని థీమ్ ఒకటుంది: ఎన్నికలు! శనివారం ఏ కథ చెప్పుకోవాలి అనేది ఎన్నిక. మూడు కథలు పోటీ, ఒక్కో కథకు ఒక గుర్తు. మొదటి అధికారి జాబితాలో పేరు వెతికి గట్టిగా చదవాలి. రెండో అధికారి ఎడమ చూపుడువేలికి స్కెచ్ పెన్ గీత పెట్టి, రిజిస్టరులో సంతకం చేయించి చీటీ ఇవ్వాలి. మూడో అధికారి చీటీ తీసుకుని, వేలు చూసి లోపలికి పంపాలి. ఓటంటే గుర్తున్న డబ్బాలో ఒక గింజ, "బీప్" అనడానికి ఒక మనిషి. మా ఒకటో తరగతిలో పేరు రాయడం రానివాడు కూడా సంతకం కోసం పలక మీద ముందురోజే సాధన చేసుకొచ్చాడు. తర్వాత గింజలు పదేసి కుప్పలు చేసి లెక్కపెట్టడం, ఎవరికెన్ని ఎక్కువ అని తేల్చడం ఎలాగూ ఉంటాయి.

మొదటిసారి గుర్తులే పెట్టండి. మన దేశంలో 1951-52 ఎన్నికల్లో గుర్తులు పెట్టిందే చదవడం రాని ఓటర్ల కోసం, మన పిల్లలదీ అదే పరిస్థితి. రెండోసారి గుర్తు పక్కన కథ పేరు రాయండి, కొన్నాళ్లకు గుర్తు తీసేసి పేరొక్కటే ఉంచండి. ఓటు వేయాలంటే చదవాలి, ఎలాగైనా చదువుతారు.

ఒక్క హెచ్చరిక. గుర్తులుగా సీతాఫలం, నెమలి, గొడుగు లాంటివి పెట్టుకోండి. కారు, సైకిల్, ఫ్యాను, చెయ్యి, పువ్వు జోలికి పోవద్దు, సాయంత్రానికల్లా ఊళ్లో ఎవరు గెలిచారని వాట్సాప్ గ్రూపులో తేలుతుంది.